బెంగళూరులో మధ్యధర ట్రైల్ సైకిల్ కొనడం ఎలా: ఒళ్లు కొలవడం నుంచి షాక్‌లో గాలి సరిచూడడం దాకా

వానలు తగ్గుముఖం పట్టగానే నా ఫోనుకు ఒకే తీరు సందేశాలు మొదలవుతాయి. రెండు సైకిళ్ల ఫొటోలు, పక్కన రెండు ధరలు, కింద ఒక్క వాక్యం: "అన్నా, ఈ రెండింటిలో ఏది తీసుకోమంటారు?" పంపేవాళ్లలో ఎక్కువమంది మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉంటున్న మన తెలుగువాళ్లే. తమ ఎత్తెంతో రాయరు, బరువెంతో రాయరు, ఎక్కడ తొక్కుతారో రాయరు. గేర్లు పన్నెండు అని మాత్రం తప్పకుండా రాస్తారు.

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి చెప్పవలసినదంతా ఇక్కడ పెడుతున్నాను. ఇది అడవి దారుల్లో, రాళ్ల బాటల్లో తొక్కడానికి చేసిన, ముందూ వెనకా రెండు వైపులా సస్పెన్షన్ (కుదుపులు మింగే అమరిక) ఉన్న ట్రైల్ సైకిల్ గురించి మాత్రమే. ముందున్న సస్పెన్షన్‌ను ఫోర్క్ అని, వెనకదాన్ని షాక్ అని అంటారు. మధ్యధర అంటే నా లెక్కలో సుమారు 1.75 లక్షల నుంచి 3.5 లక్షల రూపాయలు.

కింద ప్రతి మెట్టులోనూ ఒకే సూత్రం తిరుగుతుంది. తర్వాత మార్చుకోలేని భాగానికి డబ్బు పెట్టండి, ఎలాగూ అరిగిపోయే భాగం దగ్గర సర్దుకోండి. చైను రెండేళ్లలో ఎలాగూ మారుస్తారు. ఫ్రేము సైజు మారదు.

## 1. ఇది మీకు కావాలో లేదో ముందు తేల్చుకోండి

గత రెండు నెలల్లో ఎక్కడెక్కడ తొక్కారో కాగితం మీద రాయండి. తొక్కాలని ఉన్న చోట్లు కాదు, తొక్కిన చోట్లు. వారానికోసారి నంది కొండ దాకా తారు రోడ్డు, మధ్యలో ఒక చెరువుగట్టు, అంతే అయితే వెనక సస్పెన్షన్ మీకు మోత బరువు తప్ప మరేమీ కాదు. అందులో సగం డబ్బుకే ముందు ఫోర్క్ మాత్రమే ఉండే మంచి హార్డ్‌టెయిల్ వస్తుంది.

తురహళ్లి బండల మీద దిగుతుంటే వెనక చక్రం ఎగిరెగిరి నడుము పట్టేస్తోందా? అవలహళ్లి నీలగిరి తోపుల్లో వేళ్ల మీదుగా ఎక్కుతుంటే చక్రం పట్టు తప్పి ఆగిపోతున్నారా? సావనదుర్గ, మాకళిదుర్గ, దేవరాయనదుర్గ చుట్టుపక్కల రాతి దారులకు వారాంతాల్లో వెళ్లే జట్టు దొరికిందా? మూడింటిలో రెండింటికి అవునంటే ముందుకు చదవండి. అన్నట్టు, ఈ అటవీ ప్రాంతాల్లో ప్రవేశ వేళలు, అనుమతులు మారుతుంటాయి. వెళ్లేముందు అటవీశాఖ నిబంధన కనుక్కుని బయలుదేరండి.

30, 40 వేలకు దొరికే "డబుల్ సస్పెన్షన్" సైకిళ్ల జోలికి వెళ్లకండి. వాటి వెనక ఉండేది ఉత్త స్ప్రింగు. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే డాంపర్ ఉండదు. గుంటలో పడిన ప్రతిసారీ సీటు మిమ్మల్ని పైకి విసురుతుంది.

## 2. మూడు కొలతలు తీసుకోండి

దుకాణానికి వెళ్లేముందే ఇంట్లో చేయవలసిన పని. పది నిమిషాలు పడుతుంది.

- ఎత్తు: చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని, సెంటీమీటర్లలో.
- కాలి లోపలి పొడవు: గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని సీటు మీద కూర్చున్నంత గట్టిగా కాళ్ల మధ్య పైకి నొక్కిపట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా.
- బరువు: హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు, నీళ్ల సంచి అన్నీ వేసుకుని.

మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. 72 కిలోల మనిషి రెండు లీటర్ల నీళ్లు, పనిముట్లు వీపున వేసుకుంటే 76 అవుతాడు. షాక్ మోసేది ఆ 76నే.

## 3. డబ్బును రెండుగా విడదీయండి

చేతిలో 2.5 లక్షలు ఉంటే సైకిలుకు 2.1 మించనివ్వకండి. మిగతా 40 వేలకు ఖర్చులు వరుసలో నిలబడి ఉంటాయి.

- ట్రైల్ హెల్మెట్, మోకాలి కవచాలు, చేతి తొడుగులు
- షాక్ పంపు. మామూలు ఫుట్ పంపు ఈ పనికి పనికిరాదు, అంత తక్కువ గాలిని అంత ఎక్కువ పీడనంతో అది ఎక్కించలేదు
- ట్యూబు లేకుండా టైరు నడపడానికి ట్యూబ్‌లెస్ వాల్వులు, ముల్లు రంధ్రాన్ని లోపలి నుంచి మూసే సీలెంట్ ద్రవం
- ఒక అదనపు డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క)
- కారు వెనక తగిలించే ర్యాక్, కారు ఉంటే

ర్యాక్‌ను తేలిగ్గా తీసుకోకండి. మారతహళ్లి నుంచి అవలహళ్లికి ముళ్ల టైర్లతో అవుటర్ రింగ్ రోడ్డు మీద తొక్కుకుంటూ వెళితే ట్రైల్ మొదలయ్యే చోటికే కాళ్లు ఖాళీ అవుతాయి.

బేరం దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు అచ్చయిన ధర చీటీ ఇంకా వేలాడుతున్న పాత స్టాకు కనిపిస్తే, ఆ తేడా బిల్లులోకి వచ్చిందో లేదో అడగండి. గత ఏడాది మోడలు మీ సైజులో ఉంటే మొహమాటం లేకుండా తీసుకోండి. ట్రైల్ సైకిల్ ఏడాదిలో పాతబడదు. మీ సైజులో ఉంటేనే సుమా.

## 4. ట్రావెల్ ఎంత కావాలి

చక్రం పైకి కదలగలిగిన దూరమే ట్రావెల్. 100 మి.మీ. దగ్గర క్రాస్ కంట్రీ సైకిళ్లు, 120 నుంచి 150 దాకా ట్రైల్, 160 దాటితే నిటారు దిగుళ్లకు చేసిన ఎండ్యూరో.

బెంగళూరు చుట్టుపక్కల నేల ఎలా ఉంటుందో తెలిసిందే. గట్టి ఎర్రమట్టి, దాని మీద గోలీల్లా దొర్లే సన్న గులకరాళ్లు, మధ్యమధ్య నున్నటి గ్రానైట్ బండ. దిగుళ్లు పొట్టివి, ఎక్కుళ్లు పదేపదే వస్తాయి. వెనక 130, ముందు 140 మి.మీ. అయితే ఇక్కడ దాదాపు దేనికైనా చాలు. 160 మి.మీ. సైకిల్ కొని తురహళ్లిలో తొక్కడమంటే ట్రాక్టరు వేసుకుని కూరగాయలకు వెళ్లడమే.

చక్రాలు 29 అంగుళాలవి తీసుకోండి. ఎత్తు 162 సెం.మీ. లోపు ఉంటే 27.5 అంగుళాలవీ తొక్కి చూడండి. లేదా ముందు 29, వెనక 27.5 ఉన్నవి చూడండి. దిగేటప్పుడు వెనక టైరు ఒంటికి తగలదు.

## 5. ఫ్రేము: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఫ్రేము సైజుకు రాసే ఎం, ఎల్ అక్షరాలను నమ్మకండి. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎం అవుతుంది. చూడవలసింది రీచ్. పెడళ్ల ఇరుసు మీదుగా నిలువు గీత గీసి, అక్కడి నుంచి హ్యాండిల్ పట్టుకునే హెడ్ ట్యూబు పై అంచు మధ్య దాకా అడ్డంగా కొలిస్తే వచ్చేదే రీచ్. నిలబడి తొక్కేటప్పుడు మీకూ హ్యాండిల్‌కూ మధ్య ఎంత చోటు ఉంటుందో అది చెబుతుంది. కంపెనీ వెబ్‌సైటులో జామెట్రీ పట్టికలో ఉంటుంది.

నేను వాడే లెక్క ఇది:

- 165 నుంచి 172 సెం.మీ. ఎత్తు: రీచ్ 430 నుంచి 455 మి.మీ.
- 173 నుంచి 180: 455 నుంచి 480
- 181 నుంచి 188: 480 నుంచి 505

రెండు సైజుల మధ్య పడితే చురుగ్గా మలుపులు తిరగాలనుకునేవాళ్లు చిన్నది, వేగంగా దిగేటప్పుడు నిలకడ కోరేవాళ్లు పెద్దది తీసుకోవచ్చు. నేనైతే ఇక్కడి ఇరుకు దారులకు చిన్నదే అంటాను.

నా మొదటి ట్రైల్ సైకిల్ ఎక్స్‌ఎల్. నా ఎత్తు 176. దుకాణంలో ఎల్ అయిపోయింది, ఎక్స్‌ఎల్ మీద 35 వేలు తగ్గించారు. "కొంచెం పొట్టి స్టెమ్ వేస్తే సరిపోతుంది సార్" అన్నారు, నేనూ సంతోషంగా తల ఊపాను. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్ ముందు భాగానికి కలిపే ముక్క) వేశాను. సీటు ముందుకు జరిపాను. ఆరు నెలలు ప్రతి దిగువలోనూ చేతులు చాచుకుని, సోఫా చివర కూర్చుని టీపాయ్ మీది గ్లాసు అందుకుంటున్నవాడిలా తొక్కాను. చివరికి 70 వేల నష్టానికి అమ్మాను. స్టెమ్‌తో ఫ్రేము సైజు దిద్దడం కుదరదు.

రీచ్ సరిపోయాక ఇవి చూడండి:

- హెడ్ కోణం (హెడ్ ట్యూబు నేలతో చేసే కోణం): 65 నుంచి 66.5 డిగ్రీలు. 68 ఉంటే అది పాత తరం డిజైను, దిగుళ్లలో ముందుకు తూలినట్టు ఉంటుంది.
- సీటు కోణం (సీటు ట్యూబు నేలతో చేసేది): 75 డిగ్రీలకు పైన. ఎంత నిటారుగా ఉంటే ఎక్కుళ్లలో ముందు చక్రం అంత తక్కువగా లేస్తుంది.
- బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగులు): మరలు తిప్పి బిగించే రకమైతే మంచిది. ఒత్తిడితో దూర్చే రకం రెండు వానాకాలాలు గడిచేసరికి కిర్రుకిర్రుమంటుంది.
- వెనక హబ్ వెడల్పు: 148 మి.మీ. బూస్ట్ కొలత. తర్వాత చక్రాలు మార్చాలన్నా సులువుగా దొరుకుతాయి.
- డిరైలర్ హ్యాంగర్: గేర్ల కంపెనీ స్రామ్ 2019లో తెచ్చిన యూనివర్సల్ హ్యాంగర్ పట్టే ఫ్రేమైతే సగం దిగులు తీరినట్టే. లేకపోతే ఆ ఒక్క మోడలుకే సరిపడే అల్యూమినియం ముక్క కోసం వారాలు ఎదురుచూడాలి.

కార్బనా, అల్యూమినియమా? ఈ ధరలో అల్యూమినియమే. కార్బన్ ఫ్రేముకు పోయిన డబ్బు ఎక్కడో ఒకచోట, చాలాసార్లు ఫోర్క్ దగ్గరే, కోత పడుతుంది. బరువు 14 నుంచి 16 కిలోల మధ్య ఉంటే కంగారు వద్దు. వెనక సస్పెన్షన్ కీళ్ల అమరికకు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంటుంది. దాని మీద గంటలు వాదించేవాళ్లున్నారు. మీరు బేరింగుల గురించి అడగండి: ఆ కీళ్లలో, అంటే పివట్లలో, మట్టి దూరని సీల్డ్ బేరింగులున్నాయా, అవి మామూలు సైజులవేనా? చాలు.

## 6. ఫోర్క్, షాక్

రెండో పెద్ద ఖర్చు ఇదే.

ఫోర్క్ కాళ్ల మందం 34 లేదా 35 మి.మీ. ఉండాలి. 32 మి.మీ. ఫోర్కును 140 మి.మీ. ట్రావెల్‌తో బండల మీద దింపితే బ్రేకు వేసినప్పుడు మెలిపడుతున్నట్టు చేతికి తెలుస్తుంది. లోపల గాలి స్ప్రింగు, కింద ఎర్ర రీబౌండ్ మర (నొక్కుకున్న ఫోర్క్ తిరిగి లేచే వేగాన్ని సరిచేసేది) తప్పనిసరి. రీబౌండ్ మర లేని ఫోర్క్ ఉంటే ఆ సైకిల్ ఎంత అందంగా ఉన్నా జాబితా నుంచి కొట్టేయండి. రాక్‌షాక్స్, ఫాక్స్, మార్జోకి, ఎస్‌ఆర్ సన్‌టూర్, ఇవి ఈ ధరలో మీకు ఎదురయ్యే పేర్లు. ఒకే కంపెనీలో అడుగు మెట్టుకూ పై మెట్టుకూ తేడా ఎక్కువగా డాంపర్‌లో ఉంటుంది కాబట్టి కంపెనీ పేరు ఒక్కటే చూసి నిర్ణయించకండి. మోడలు పేరు పూర్తిగా రాసుకోండి.

షాక్ దగ్గర ఒక చిన్న లెక్క. షాక్ మీద 210×55 లాంటి అంకెలుంటాయి. మొదటిది పొడవు, రెండోది షాక్ లోపలికి నొక్కుకునే దూరం (స్ట్రోక్), రెండూ మి.మీ.లలో. వెనక ట్రావెల్‌ను ఆ రెండో అంకెతో భాగించండి. 130ని 55తో భాగిస్తే 2.36. చక్రం సగటున 2.36 మి.మీ. కదిలితే షాక్ 1 మి.మీ. కదులుతుందన్నమాట. ఈ నిష్పత్తి 2.8 దాటి, మీ బరువు 95 కిలోలకు పైనుంటే జాగ్రత్త. షాక్ మీద రాసిన గరిష్ఠ పీడనం దగ్గర దాకా గాలి నింపవలసి వస్తుంది, ఆ తర్వాత సరిచేసుకోవడానికి చోటు మిగలదు. 55 కిలోల లోపు ఉన్నవాళ్లకు సమస్య తలకిందులవుతుంది: మరీ తక్కువ నిష్పత్తి ఉంటే ఎంత గాలి తీసినా షాక్ కదలనంటుంది.

షాక్ పొడవు, స్ట్రోక్ మామూలు కొలతలవై ఉంటే రేపు ఇంకో కంపెనీ షాక్ వేసుకోవచ్చు. కొన్ని సైకిళ్లలో ఆ ఒక్క ఫ్రేముకే చేసిన షాక్ ఉంటుంది. అలాంటిదాన్ని వదిలేయండి. దాని సీల్ చిరిగిన రోజున మీకు కోపం రావడం తప్ప మరేమీ చేయలేరు.

## 7. బ్రేకులు, టైర్లు, డ్రాపర్ పోస్ట్

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్ అయి తీరాలి. 80 కిలోలు దాటితే ముందు నాలుగు పిస్టన్లది, 200 మి.మీ. రోటార్ (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే డిస్కు) ఉన్నది చూడండి. 70 లోపైతే రెండు పిస్టన్లు, 180 మి.మీ. సరిపోతాయి. రోటార్ మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని సన్నటి ఇంగ్లిషు అక్షరాల్లో చెక్కి ఉందేమో వంగి చదవండి. ఉంటే వానాకాలంలో ఎక్కువ మన్నే మెటల్ ప్యాడ్లు దానికి వేయకూడదు. పెద్ద లోపం కాదు, రోటార్ మారుతుంది. బేరంలో వాడుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

టైర్లు 2.3 నుంచి 2.5 అంగుళాల వెడల్పు. ఈ నేలకు ముందు టైరుకు అంచు ముళ్లు బలంగా ఉండాలి, గులకరాళ్ల మలుపులో పట్టేది అవే. రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కు సిద్ధంగా ఉన్నాయని ఖాయం చేసుకోండి. మన శివార్లంతా సర్కారు తుమ్మ. ట్యూబు వేసుకుని ఒక ఉదయం వెళితే మూడు పంచర్లతో తిరిగొచ్చిన రోజులున్నాయి నాకు. సీలెంట్ ఉంటే ముల్లు దిగినట్టు కూడా తెలియదు.

డ్రాపర్ పోస్ట్ లేకుండా ట్రైల్ సైకిల్ కొనకండి. దిగేముందు మీట నొక్కి సీటు కిందికి దించుకునే సౌకర్యం అది. మధ్యస్థ సైజుకు 150 మి.మీ., పెద్దదానికి 170. పోస్ట్ ఫ్రేములోకి పూర్తిగా దిగుతుందో లేదో కాలి లోపలి పొడవుతో సరిచూడండి. కొన్ని ఫ్రేముల్లో సీటు ట్యూబు మధ్యలో వంకర ఉండి అడ్డుకుంటుంది.

## 8. గేర్లు

ముందు ఒక పళ్లచక్రం, వెనక 10, 11 లేదా 12. షిమానో డియోర్ 12 గేర్లది ఈ ధరలో నమ్మకమైన ఎంపిక. వెనక 10-51 పళ్లు, ముందు 30 ఉంటే, ముందు 32, వెనక పెద్దది 50 ఉన్న జతకన్నా అడుగు గేరు 8 శాతం తేలిక. ఎక్కుళ్లలో ఆ ఎనిమిది శాతం విలువ తెలుస్తుంది.

10 పళ్లతో మొదలయ్యే డియోర్ కాసెట్‌కు (వెనక పళ్లచక్రాల కట్ట) మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ (వెనక చక్రం మీద కాసెట్ కూర్చునే భాగం) కావాలి. 11 పళ్లతో మొదలయ్యే చాలా కాసెట్లు పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీద కూర్చుంటాయి. కొన్న రోజునే ఏ రకమో రాసుకోండి. ఇంతకుమించి గేర్ల గురించి ఆలోచించకండి. పది గేర్ల మంచి ఫోర్క్ సైకిల్, పన్నెండు గేర్ల నాసి ఫోర్క్ సైకిల్ ఎదురెదురుగా ఉంటే నేను కళ్లు మూసుకుని మొదటిదే తీసుకుంటాను.

## 9. దుకాణంలో అడగవలసినవి

ధర అడగకముందే ఇవి అడగండి. జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

- ఈ ఫ్రేము హ్యాంగర్ ఇప్పుడు మీ దగ్గర ఉందా? చూపించగలరా?
- ఫోర్క్, షాక్ సర్వీసు బెంగళూరులోనే జరుగుతుందా, వేరే ఊరు పంపుతారా? ఎన్ని రోజులు?
- పివట్ బేరింగుల సెట్ తెప్పించడానికి ఎంత కాలం?
- ఫ్రేము వారంటీ ఎన్నేళ్లు? పివట్లకు వేరే నియమమా?
- ట్యూబ్‌లెస్ మార్పిడి, మొదటి సర్వీసు ధరలో కలిసి ఉన్నాయా?

"అన్నీ వచ్చేస్తాయి సార్" అన్నది జవాబు కాదు. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లుగా సైకిళ్లు విప్పుతున్న ఒక మెకానిక్ నాతో అన్న మాట ఇప్పటికీ పనికొస్తోంది: "అమ్మేవాణ్ణి కాదు సార్, విప్పేవాణ్ణి అడగండి." కౌంటరు దాటి వెనక వర్క్‌షాపులోకి వెళ్లి, ఈ మోడలు సర్వీసుకు ఎన్నిసార్లు వచ్చింది, దేనికి వచ్చింది అని అడగండి. ఐదు నిమిషాల్లో మీకు కావలసింది తెలుస్తుంది.

## 10. తొక్కి చూడడం

మీ బూట్లు, మీ నీళ్ల సంచి, షాక్ పంపు తీసుకెళ్లండి. సాగ్ సరిచేయకుండా తొక్కితే మీరు పరీక్షిస్తున్నది అంతకుముందు తొక్కినవాడి సైకిల్‌ను. సాగ్ ఎలా సరిచేయాలో 12వ మెట్టులో ఉంది. కార్పెట్ మీద రెండు చుట్లు తిప్పితే ఏమీ తెలియదు. కనీసం ఒక ఎత్తు, కొన్ని మెట్లు, కొంచెం గతుకు నేల అడగండి.

వరుస ఇది:

1. ఎత్తులో కూర్చుని తొక్కండి. ముందు చక్రం తేలుతోందా?
2. లాకౌట్ మీట (షాక్ కదలకుండా బిగించేది) వేసి, తీసి తొక్కండి. వెనక భాగం ఊగడంలో తేడా తెలియాలి.
3. నిలబడి, మోచేతులు మడిచి, నడుము వెనక్కి పెట్టండి. చేతులు పూర్తిగా చాచుకుపోతే రీచ్ ఎక్కువ.
4. మూడు మెట్లు నెమ్మదిగా దిగండి. చప్పుళ్లు వినండి. చైను చప్పుడు మామూలే, టకటకమంటే పివట్ వదులు.
5. ఇరుకుగా ఎనిమిది అంకె వేయండి.

## 11. వాడిన సైకిల్ అయితే

ఈ ధరలో వాడిన సైకిల్ మంచి బేరమే. బెంగళూరులో ఉద్యోగం మారో, విదేశానికో వెళుతూ ఏడాది కూడా తొక్కని సైకిళ్లు అమ్ముకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయితే ఫ్రేము మీద దీర్ఘకాలిక వారంటీ సాధారణంగా మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది. అసలు బిల్లు, ఫ్రేము నంబరు సరిపోకపోతే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

- సీటు పట్టుకుని వెనక చక్రాన్ని నేల నుంచి కొద్దిగా లేపండి. చక్రం లేచేలోపు చిన్న "టక్" తెలిస్తే షాక్ బుష్ (షాక్ చివర బోల్టు దూరే రింగు) గాని పివట్ బేరింగ్ గాని అరిగింది.
- ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులైతే చేతికి తగులుతుంది.
- ఫోర్క్ కాళ్ల మీద, షాక్ కడ్డీ మీద గోటితో నిలువునా గీయండి. గోరు చిక్కుకునే గీత ఉంటే ఆ గీతలోంచి నూనె కారుతుంది, మట్టి లోపలికి పోతుంది.
- హెడ్ ట్యూబు వెనక, సీటు ట్యూబు దగ్గర, చైన్ పక్క ట్యూబు అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి ఫోను లైటుతో చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత కూడా పగులే కావచ్చు.

ఫోర్క్, షాక్ చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారని అడగండి. "అవసరం రాలేదు" అంటే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

## 12. ఇంటికి తెచ్చాక మొదటి సెటప్

లక్షలు పెట్టి కొని చాలామంది ఈ గంటసేపు పని చేయరు. దుకాణంలో నింపిన గాలితోనే ఏడాది తొక్కి, ఫుల్ సస్పెన్షన్ అంటే ఇంతేనా అంటారు.

సాగ్ అంటే మీరు ఊరికే ఎక్కి కూర్చున్నప్పుడు షాక్ కుంగే దూరం. వెనక స్ట్రోక్‌లో 28 నుంచి 30 శాతం, ముందు ట్రావెల్‌లో 18 నుంచి 20 శాతం ఉండాలి. 55 మి.మీ. స్ట్రోక్‌కు 30 శాతం 16.5 మి.మీ. 140 మి.మీ. ఫోర్కుకు 20 శాతం 28 మి.మీ.

1. లాకౌట్ పూర్తిగా తెరవండి.
2. మీ బరువును పౌండ్లలోకి మార్చండి, దాదాపు అంతే పీఎస్ఐతో (గాలి పీడనం కొలత) షాక్ మొదలుపెట్టండి. 76 కిలోలంటే సుమారు 167. ఫోర్కుకైతే దాని కాలి మీదో, కంపెనీ వెబ్‌సైటులోనో పట్టిక ఉంటుంది.
3. గాలి నింపాక సైకిల్‌ను పది సార్లు పావు వంతు దాకా కిందికి నొక్కి వదలండి. షాక్ లోపల రెండు గదులుంటాయి. నొక్కితేనే వాటి మధ్య గాలి సమం అవుతుంది.
4. సరంజామా అంతా వేసుకుని, గోడకు మోచెయ్యి ఆనించి, మెల్లగా ఎక్కి కూర్చోండి. ఎగరకండి. ఇంకొకరిని షాక్ కడ్డీ మీది రబ్బరు రింగును సీల్ దాకా జరపమనండి.
5. అంతే మెల్లగా దిగి, రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి.
6. ఎక్కువ కుంగితే 5 పీఎస్ఐ పెంచండి, తక్కువైతే తగ్గించండి. మళ్లీ 3 నుంచి మొదలు. తర్వాత ఫోర్కుకూ ఇదే వరుస, దానికి మాత్రం కూర్చోకుండా పెడళ్ల మీద నిలబడి కొలవండి.

పంపు తీసేటప్పుడు "ఫుస్స్" మని వినపడగానే కొత్తవాళ్ల గుండె జారుతుంది. అది పంపు గొట్టంలోని గాలి, షాక్‌ది కాదు. మళ్లీ తగిలించి చూస్తే ముల్లు ఇందాకటికన్నా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే షాక్‌లోని గాలి కొంత గొట్టాన్ని నింపింది. పోయిందనుకుని మళ్లీ మళ్లీ తగిలించి చూసేవాళ్లు ప్రతిసారీ కాస్త కాస్త నిజంగానే పోగొట్టుకుంటారు. అంకెను వదిలేసి సాగ్‌ను కొలవండి.

రీబౌండ్ తర్వాత. ఎర్ర మరను పూర్తిగా మూసి, మొత్తం క్లిక్కులు లెక్కపెట్టి, సగంలో ఉంచండి. ఫుట్‌పాత్ అంచు మీద నుంచి కూర్చునే దిగండి. వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే మర బిగించండి. లేవడానికి బద్ధకిస్తే వదులు చేయండి. గాలి పెంచినప్పుడల్లా రీబౌండ్ ఒకటి రెండు క్లిక్కులు బిగించాలని గుర్తుంచుకోండి.

టైర్లలో దుకాణంవాళ్లు 40 పీఎస్ఐ కొట్టి పంపుతారు. ట్యూబ్‌లెస్ చేశాక 75 కిలోల మనిషికి ముందు 22, వెనక 26 దగ్గర మొదలుపెట్టండి. బండ అంచుకు రిమ్ము టంగుమంటే రెండు పెంచండి.

## 13. మామూలుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ట్రావెల్ మొత్తం ఎప్పుడూ వాడుకోలేకపోవడం. గాలి ఎక్కువైంది, లేదా లోపల వాల్యూమ్ స్పేసర్లు (గాలి గదిలో చోటు తగ్గించే ముక్కలు) ఎక్కువున్నాయి. ముందు సాగ్ సరిచూడండి. అదీ సరిగ్గా ఉంటే ఒక స్పేసర్ తీయించండి.

చక్రం తీసి కారులో పెట్టినప్పుడు బ్రేకు నొక్కుకుపోవడం. ప్యాడ్లు కలిసిపోయి రోటార్ దూరదు. చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. మరిచిపోతే వెడల్పాటి చెక్కముక్కతో నెమ్మదిగా వెనక్కి నెట్టండి, స్క్రూడ్రైవరుతో కాదు.

బైకుల వాటర్ సర్వీసింగ్‌లో కడిగించడం. ఎర్రమట్టి అంటుకోగానే అందరూ చేసేది ఇదే. ఆ వేగపు నీటి ధార పివట్ బేరింగుల్లోకి, హబ్బుల్లోకి దూరి గ్రీజును కడిగేస్తుంది. బకెట్ నీళ్లు, మగ్గు, పాత బ్రష్షు చాలు.

సీలెంట్ మరిచిపోవడం. మన ఎండకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. టైరు పక్కన ఊపితే నీళ్లు కదిలిన చప్పుడు రావాలి.

## 14. మొదటి మూడు నెలల చెక్‌లిస్టు

- మొదటి 50 కిలోమీటర్ల తర్వాత: పివట్ బోల్టులన్నీ ఫ్రేము మీద రాసిన టార్క్‌కు (బిగింపు కొలత) బిగించండి. టార్క్ రెంచి లేకపోతే దుకాణంలో చేయించండి, అంచనాతో బిగిస్తే అల్యూమినియం మర చెడిపోతుంది.
- ప్రతి తొక్కుడు తర్వాత: ఫోర్క్ కాళ్లు, షాక్ కడ్డీ మెత్తటి గుడ్డతో తుడవండి.
- నెలకోసారి: చైను ఎంత సాగిందో కొలిచే గేజ్ పెట్టండి. 12 గేర్ల చైను 0.5 శాతం సాగితే మార్చండి. చైను దగ్గర పిసినారితనం చేస్తే కాసెట్ కూడా పోతుంది.
- 50 గంటలకు: రాక్‌షాక్స్ ఫోర్కుల కింది కాళ్లు, షాక్ గాలి గది విప్పి నూనె, సీళ్లు చూడాలి. ఫాక్స్ పూర్తి సర్వీసుకు 125 గంటలు లేదా ఏడాది చెబుతుంది. మన దుమ్ముకు నేను కింది కాళ్ల పని ముందే చేయిస్తాను.

వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు తొక్కితే 50 గంటలు పన్నెండున్నర వారాల్లో నిండుతాయి. సైకిల్ ఇంటికి వచ్చిన రోజునే ఫోను క్యాలెండరులో ఆ తేదీకి గుర్తు పెట్టుకోండి, ఆ పక్కనే మీ సాగ్, పీఎస్ఐ, రీబౌండ్ క్లిక్కుల అంకెలు కూడా రాయండి. సర్వీసు నుంచి షాక్ ఖాళీగా తిరిగొచ్చినప్పుడు మళ్లీ గాలి నింపవలసింది మీరే.